మేజోళ్ళ కోళ్ళు

వ్యవసాయ ప్రదర్శన ఏ రోజు మొదలవుతుందో ముఖ్య అతిథి కన్నా ముందు లెక్కలత్తకు తెలియాలి. రిబ్బను కత్తిరించే రోజు నుంచి వెనక్కి ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టి ఆమె గుడ్లు పొదుగుకు పెట్టేది. అతిథులు స్టాళ్ళు చూసుకుంటూ వచ్చే వేళకు అద్దాల పెట్టెలో ఒక పెంకు చిట్లి, తడిసిన పిల్ల బయటికి రావాలి. ట్రాక్టర్ల కంపెనీలు పెద్ద పెద్ద తెరలు కట్టి పాటలు పెట్టేవి. అయినా జనం ఆ పెట్టె చుట్టూనే మూగేవారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె పొదుగు తప్పలేదు.

ఆమె అసలు పేరు కాగితాల మీదే ఉండేది. ఊరందరికీ లెక్కలత్తే. "ఇవాళ ఎంత తారీఖు అత్తా?" అని అడిగితే "పదకొండో రోజు" అనేది. పక్క వీధిలో ఒకాయన కాలు విరిగి కట్టు వేయించుకుని వస్తే చూడటానికి వెళ్ళి, "ఏం పర్లేదు, రెండు పొదుగుల్లో మానుతుంది" అని చెప్పి వచ్చింది. సరిగ్గా నలభై రెండో రోజున కట్టు విప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్ళు జ్వరానికి కూడా ముందు ఆమెనే అడిగేవారు.

భర్త బస్సు డిపోలో మెకానిక్కు. పాడైన ఫ్రిజ్జుకు బల్బు బిగించి మొదటి పొదుగు పెట్టె చేసిపెట్టింది ఆయనే. తర్వాత దానికి అద్దం మూత, వేడి తగ్గించి పెంచే మీట వచ్చాయి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంటి వెనక కోళ్ళ గది, గోడ అవతల మరిది ఇల్లు, ఆ ఇంట్లో నోరు ఊరుకోని తోడికోడలు. ఆమె బతుకు ఆ మధ్యనే సాగింది.

కోళ్ళు మాత్రం ఆమె అత్తగారి నుంచి వచ్చినవి. బూడిదరంగు, పొట్టి కాళ్ళు, ఆ కాళ్ళకు వేళ్ళ చివరిదాకా ఈకలు. చూస్తే మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉండేవి గనక మేజోళ్ళ కోళ్ళు అనేవారు. వాన పడితే ఆ ఈకలకు బురద అంటుకుని, ఎవరో కావాలని తడిపినట్టు చిరాగ్గా కాళ్ళు ఎత్తెత్తి వేసేవి. గుడ్లు మరీ ఎక్కువ పెట్టవు. మాంసమూ అంతంతే. మరి ఎందుకు పెంచుతావు అని అడిగేవారు.

"మా అత్త చేతిలో పెట్టి పోయింది. నా చేతిలో పోయాయనిపించుకోకూడదుగా" అనేది.

ఒక ఏడు వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున గది తలుపు తీసేసరికి మెడలు మెలిపడి పడి ఉండేవి. వారంలో అరవై కోళ్ళు పోయాయి. పాత తెగుళ్ళకు రాటుదేలిన ముసలివి మాత్రం మిగిలాయి. ఒక పుంజు, నాలుగు పెట్టలు.

లెక్కలత్త అప్పుడు వెతకడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ప్రదర్శనల్లో అడిగినవాళ్ళకల్లా పిల్లల్ని జతలు జతలుగా ఇచ్చి పంపింది. ఎవరి చిరునామా రాసుకోలేదు. గుర్తున్న నలుగురైదుగురికి ఫోన్ చేయించింది. ఒకరింట్లో అదే తెగులు. ఒకరింట్లో మామూలు కోళ్ళతో కలిసి కలిసి కాళ్ళ మీద ఈకలు పోయాయి. ఇంకొకాయన "ఏ కోళ్ళండీ?" అన్నాడు.

చలి మొదలైన రోజుల్లో ముసలి పుంజు ఒక పొద్దున లేవలేదు.

పుంజు పోయినంత మాత్రాన పెట్ట గుడ్లు వెంటనే వట్టివి అయిపోవు. పది రోజుల దాకా పెట్టినవాటిలో జీవం ఉంటుంది. ఈ సంగతి లెక్కలత్తకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పుంజు పోకముందు వారంలో పెట్టినవీ, పోయాక పది రోజుల్లో పెట్టినవీ కలిపి ఇరవై ఆరు గుడ్లు చల్లటి మూల గదిలో పేర్చింది. పదకొండో రోజు పెట్టిన గుడ్డును వంటింట్లోకి ఇచ్చేసింది. ఇక ఆ జాతి అంటూ మిగిలితే ఆ ఇరవై ఆరింటిలో మిగలాలి.

కోళ్ళ పరిశోధన కేంద్రంలో ఒక డాక్టరమ్మ ఉండేది. ప్రదర్శనల్లో పరిచయం. విషయం విని ఆమె ఫోన్లో స్పష్టంగా చెప్పింది.

"పిన్నిగారూ, ఇంట్లోనే పొదిగించండి. ఎక్కడికీ కదపొద్దు. పిల్లలు నిలదొక్కుకున్నాక పదిహేను తెచ్చివ్వండి చాలు, మా దగ్గర విడిగా ఒక షెడ్డు చూస్తాను. ఆ తర్వాత వాటి భారం మాది."

"అంతకన్నా ఏం కావాలమ్మా" అంది లెక్కలత్త. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

నాలుగు రోజులకు ప్రదర్శన సంఘం కార్యదర్శి వచ్చాడు. ఎరువుల దుకాణం ఆయనది. ఒక చెవిలో ఎప్పుడూ ఫోను, రెండో చెవితో మనతో మాట్లాడతాడు.

"అత్తా, ఈసారి కోళ్ళ కేంద్రం పెద్ద డైరెక్టరే వస్తున్నాడు. మీ డాక్టరమ్మ కాగితం పెడితే అది ఏ బల్ల మీద నిద్రపోతుందో ఎవరికి తెలుసు? అదే ఆయన కళ్ళముందు పిల్ల పెంకు పగలగొట్టుకుని వచ్చిందనుకో, అక్కడికక్కడే సంతకం. షెడ్డేంటి, మేడ కట్టిస్తాడు."

"కోళ్ళకి మేడెందుకయ్యా?"

"మాటవరసకి అన్నానులే. వస్తున్నావా లేదా?"

ప్రారంభం ఇరవై రెండు రోజుల్లో ఉంది. మర్నాడు పెడితే సరిగ్గా సరిపోతుంది. తేదీ కూడా కలిసొచ్చిందనుకుంది. గోడ మీదుగా అంతా విన్న తోడికోడలు ఆయన గేటు దాటకముందే అందుకుంది.

"అక్కా, ఆవిడ కదపొద్దంది."

"అంది. ఆవిడ డాక్టరు, ఆయన డైరెక్టరు."

"గుడ్లకి తెలుసా ఆ తేడా?"

లెక్కలత్త నవ్వింది. మర్నాడు పొద్దున ప్రతి గుడ్డుకూ ఒక పక్క పెన్సిలుతో గీత గీసి పెట్టెలో పెట్టింది. రోజుకు మూడుసార్లు తిప్పింది. ఏడో రోజు చీకటి గదిలో ఒక్కొక్క గుడ్డు వెనకా టార్చి పెట్టి చూసింది. మూడు వట్టివి. ఇరవై మూడింటిలో ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని ఉన్నాయి. ముసలి పుంజుకు అది తక్కువేం కాదు. ఆ రోజంతా తోడికోడలితో కూడా మెత్తగా మాట్లాడింది.

పద్దెనిమిదో రోజున గుడ్లు తిప్పడం ఆపి, వేడినీళ్ళ సీసాల మధ్య సర్ది వ్యానులో ప్రదర్శన హాలుకు తెచ్చింది. తోడుగా తోడికోడలు. పెట్టెకు కరెంటు పెట్టి, ముప్పై ఏడున్నర డిగ్రీలు నిలిచేదాకా పక్కనే కూర్చుంది. చుట్టూ వడ్రంగులు మేకులు కొడుతున్నారు. పక్క స్టాలు ఎప్పటిలాగే స్ప్రేయర్లు అమ్మే ఆయనది.

పంతొమ్మిదో రోజు పొద్దున కార్యదర్శి వచ్చాడు. ఈసారి రెండు చెవులూ ఖాళీగా ఉన్నాయి. అప్పుడే ఏదో జరిగిందని ఆమెకు అర్థమైంది.

"డైరెక్టరుకి వేరే మీటింగు పడిందట అత్తా. ప్రారంభం వాయిదా. రెండు రోజులంతే."

"రెండు రోజులంతే అని నాకు చెప్తావేం, గుడ్డుకి చెప్పు."

"నువ్వు చెప్తే వింటాయి. ఆ వానల ఏడాది ఆపలేదూ?"

నిజమే. ఒకసారి వానల వల్ల ప్రారంభం ఒక రోజు జరిగింది. అది పది రోజుల ముందే తెలిసింది గనక ఆమె వేడి అర డిగ్రీ తగ్గించి, పిల్లలు ఒక రోజు ఆలస్యంగా వచ్చేలా చూసింది. ఇరవై రెండో రోజున, అతిథి చెయ్యి అద్దం మీద ఉండగా మొదటి పిల్ల వచ్చింది. ఆ సంగతి ఆమె చాలామందికి చాలాసార్లు చెప్పుకుంది. ఆపడం తనకు వచ్చు అనే నమ్మకం అప్పుడు కుదిరింది.

"ఇంటికి పోదాం అక్కా" అంది తోడికోడలు. "మన పిల్లలు మనింట్లో పుడతాయి. వాళ్ళ రిబ్బను వాళ్ళు ఎప్పుడైనా కత్తిరించుకుంటారు."

"ఇప్పుడు మళ్ళీ కదిపితే?"

"అయితే ఇక్కడే పుట్టనీ. ఎవరూ చూడకపోతే పిల్ల కాకుండా పోతుందా?"

లెక్కలత్త అద్దం మీద అరచెయ్యి పెట్టింది. డైరెక్టరు ఆ ఒక్కరోజే వస్తాడు. సంతకం ఆయనది. తనకు అరవై ఆరేళ్ళు, మోకాళ్ళు పనిచేయడం మానేస్తున్నాయి, తన తర్వాత ఆ గదిలో ఊడ్చేవాళ్ళు లేరు. ఇవన్నీ కారణాలే. వీటికి పైన ఇంకొకటి ఉంది. పొదుగు తప్పలేదన్న పేరు. అప్పుడు పది రోజులు పట్టిన పని ఇప్పుడు రెండు రోజుల్లో కావాలి గనక ఎక్కువ తగ్గించాలని లెక్క వేసుకుంది. మీట తిప్పి వేడిని ముప్పై ఆరుకు దించింది.

ఇరవై ఒకటో రోజున హాలు ఖాళీగా ఉంది. ఆమె పెట్టెకు చెవి ఆనించి వింది. లోపల గుడ్లలోంచి సన్నటి కిచకిచలు. "ఉన్నాయే" అంది తోడికోడలితో. "తొందరపడకండి, రేపు కాక ఎల్లుండి" అని గుడ్లతో అంది. ఇరవై రెండో రోజు రెండు పెంకుల మీద నక్షత్రం లాంటి పగుళ్ళు కనబడ్డాయి, అక్కడే ఆగాయి. సాయంత్రం వేడిని మళ్ళీ ముప్పై ఏడున్నరకు తెచ్చింది.

ఇరవై మూడో రోజు పదకొండింటికి ప్రారంభం అన్నారు. ఉపన్యాసాలు ఒకటిన్నరకు ముగిశాయి. డైరెక్టరు మెడలో దండతో, వెనక ముప్పైమందితో వచ్చాడు. అదృష్టమో ఏమో, సరిగ్గా ఆయన వంగి చూసేటప్పటికి ఒక పిల్ల పెంకు నెట్టుకుని బయట పడింది. జనం చప్పట్లు కొట్టారు. కార్యదర్శి మొహం వెలిగిపోయింది.

"సార్, చేతిలో పట్టుకుంటే ఫోటో తీస్తారు. అత్తా, మూత తియ్యి."

"తియ్యను. తడి పిల్ల చల్లగాలికి ఆగదు."

"ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషమే చంపడానికి కావాల్సింది."

డైరెక్టరు నవ్వి, "వద్దులెండి, చాలా బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. ఆమె షెడ్డు మాట ఎత్తేలోపు మందు చల్లే డ్రోను ఎగరడం మొదలైంది. ముప్పైమందీ అటు తిరిగారు. పెట్టె ముందు ఆయన నిలబడింది మూడు నిమిషాలు.

ఆ పిల్ల లేవలేదు. కాళ్ళు రెండు పక్కలకూ జారిపోతున్నాయి. బొడ్డు మూసుకోలేదు. మూడింటికి ఇంకో రెండు వచ్చాయి, అవీ అలాగే. మిగతా గుడ్లలో పగుళ్ళు అక్కడే ఉన్నాయి. పొద్దున వినబడిన కిచకిచలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

"ఏంటక్కగారూ, ఈసారి నిద్రమొహం పిల్లలు?" అన్నాడు స్ప్రేయర్లాయన టీ గ్లాసు అందిస్తూ. ఆమె గ్లాసు పట్టుకోలేదు. ఆయన ఆమె మొహం చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి, తన స్టాలు పాట ఆపేశాడు.

పిల్ల తనంతట తాను పెంకు పగలగొట్టుకోవాలి, మనం వేలు పెట్టకూడదు. పద్దెనిమిదేళ్ళుగా చూడవచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె చెప్పిన మాట ఇది. ఆ సాయంత్రం మూత తీసింది. గోరుతో పెంకులు ఒలిచింది. కొన్నిటిలో ఊపిరి ఉంది. చాలావాటిలో పిల్ల పూర్తిగా తయారై, ముక్కు పెంకుకు ఆనించి, అలాగే ఆగిపోయి ఉంది. కాళ్ళకు మేజోళ్ళు వచ్చేసి ఉన్నాయి. తడిసి అంటుకుపోయిన సన్నటి నూగు.

ఇరవై మూడింటిలో ఎనిమిది ప్రాణాలతో బయటపడ్డాయి. తెల్లారేసరికి ఐదు.

మర్నాడు సదస్సులో మాట్లాడటానికి డాక్టరమ్మ వచ్చింది. పర్సు స్టాలులో పడేసి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక పిల్లను తిప్పి బొడ్డు చూసింది. తల ఎత్తలేదు.

"ఎంతలో పెట్టారు పిన్నిగారూ?"

"ముప్పై ఆరు."

"ఎన్నాళ్ళు?"

"మూడున్నర రోజులు."

డాక్టరమ్మ పిల్లను నెమ్మదిగా కింద పెట్టింది. "నేను ఇంట్లో పొదిగించమన్నాను కదా."

"అన్నావమ్మా. డైరెక్టరుగారి సంతకం కోసం ఇక్కడికి తెచ్చాను."

"ఆయన సంతకం దేనికి? షెడ్డు నా చేతిలో పని. నేను ఆయన్ని అడగాల్సిన పనే లేదు."

ఇది లెక్కలత్తకు తెలియదు. అడగలేదు కూడా. "నాకు ఎవరూ చెప్పలేదు" అనలేదు, కార్యదర్శి పేరు ఎత్తలేదు. "నేనే తిప్పాను మీట" అంది. తోడికోడలు ఏదో అనబోయి, బతుకులో మొదటిసారి ఊరుకుంది.

స్టాలు మూడు రోజులకు ఇచ్చారు గనక మూడు రోజులూ కూర్చోవాలి. జనం వచ్చి చూశారు. "ముద్దుగా ఉన్నాయి" అన్నారు. "జత ఎంత?" అని అడిగారు. ఇంటికి వచ్చేటప్పటికి మూడు పిల్లలు మిగిలాయి.

ఆ మూడింటినీ ఆమె బల్బు కింద అట్టపెట్టెలో పెంచింది. కాళ్ళు జారకుండా గరుకు గుడ్డ పరిచింది. అవి నిలబడ్డాయి, తిన్నాయి, అందరినీ ఆశ్చర్యపరుస్తూ బతికాయి. ఇక ప్రశ్న ఒక్కటే. మూడింట్లో ఒక్క పెట్ట ఉంటే చాలు. ఒక్క పెట్ట, ఒక్క పుంజు ఉంటే జాతి నిలుస్తుంది.

ఏడో వారంలో ఒకదానికి జుట్టు ఎర్రబడింది. పుంజు. తొమ్మిదో వారంలో రెండోది. మూడోది చిన్నది, మెతక, జుట్టు లేతగానే ఉండిపోయింది.

"ఇది పెట్టే అక్కా. ఆ నడక చూడు, అచ్చం మన అత్తగారి నడక" అంది తోడికోడలు. ఇద్దరూ నవ్వారు. లెక్కలత్త దానికి విడిగా గింజలు వేయడం మొదలుపెట్టింది.

పద్నాలుగో వారంలో ఒక పొద్దున గోడ అవతల తోడికోడలు బట్టలు ఆరేస్తుండగా కోళ్ళ గదిలోంచి కూత వినబడింది. గొంతు పగిలిన, తడబడే కొత్త కూత. మిగతా రెండు పుంజులూ అప్పటికే వాకిట్లో తిరుగుతున్నాయి. తోడికోడలు చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. లెక్కలత్త గది గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ చిన్నది మళ్ళీ మెడ చాచి కూసింది.

"వినబడిందా?" అంది లెక్కలత్త.

"వినబడింది."

ముసలి పెట్టల మీద ఇంకా ఆశ ఉండేది. ఈ పుంజులు ఎదిగేదాకా అవి బతికి, ఒక్క గుడ్డు పెట్టినా చాలనుకుంది. వానాకాలంలోపు మూడు పోయాయి. నాలుగోది బతికింది గాని గుడ్డు పెట్టడం ఎప్పుడో మానేసింది. రోజూ పొద్దున గూట్లో చెయ్యి పెట్టి చూసేది. గడ్డి వెచ్చగా ఉండేది.

తర్వాతి ఏడు కార్యదర్శి ఫోన్ చేశాడు. ఒక కంపెనీ తెల్లగుడ్లు ఇస్తుందట, పెట్టె కూడా వాళ్ళదేనట, పక్కన నిలబడి నాలుగు మాటలు చెబితే చాలట. లెక్కలత్త సరేనంది. గోడ మీద తోడికోడలు ఒంటికాలి మీద లేచింది.

"సిగ్గుందా అక్కా? మళ్ళీ ఆ మొహాలు చూస్తావా?"

"ఆ మొహాల కోసమే వెళ్తున్నా. నేను జతలు ఇచ్చింది అక్కడికొచ్చినవాళ్ళకే. మళ్ళీ అక్కడికి కాక ఎక్కడికొస్తారు వాళ్ళు?"

తెల్లగుడ్లు చెప్పిన రోజున, చెప్పిన గంటకు వరసగా పగిలాయి. జనం చప్పట్లు కొట్టారు. లెక్కలత్త ఆగి చూసిన ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడిగింది. "ఎప్పుడైనా నా దగ్గర కోళ్ళు తీసుకున్నారా? కాళ్ళకు ఈకలుండేవి?" చాలామంది తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. ఒకావిడ అప్పుడు తీసుకుందిగాని పిల్లులు తినేశాయంది. ఒకాయన కొత్తవి ఉంటే ఇమ్మని అడిగాడు.

మూడో రోజు మధ్యాహ్నం, స్టాళ్ళవాళ్ళు సర్దుకుంటున్నప్పుడు, ఒక నడివయసు రైతు ఆగాడు. చేతిలో బ్రోచర్ల సంచి.

"మీరేగా మేజోళ్ళ కోళ్ళావిడ? పన్నెండేళ్ళ కిందట మా నాన్న మీ దగ్గర జత తెచ్చాడండీ. ముప్పై దాకా అయ్యాయి."

లెక్కలత్త బల్ల పట్టుకుని లేచింది. "ఉన్నాయా?"

"ఇంకెక్కడివండీ. చుట్టాలొచ్చినప్పుడల్లా ఒకటి కోసేవాళ్ళం. చివరిది నాన్న పోయిన ఏడు అయిపోయింది." ఆయన కాస్త నొచ్చుకున్నాడు. "ఉంచమని మీరు చెప్పలేదు కదండీ. చెప్పుంటే ఉంచేవాళ్ళమే."

"చెప్పలేదు బాబూ" అంది ఆమె. నిజంగానే చెప్పలేదు. పెంచుకోడానికే తీసుకెళ్తారనుకుంది.

ఆయనకు ఏం చేయాలో తోచక ఫోను తీశాడు. "ఫోటో ఉండాలి చూడండి. మా అమ్మాయి చిన్నప్పుడు తీసింది." వేలితో చాలాసేపు వెనక్కి జరిపి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. వాకిట్లో గౌను వేసుకున్న పిల్ల, ముందుపళ్ళు లేకుండా నవ్వుతోంది. వెనక, పటం అంచున, నీళ్ళ తొట్టి పక్కన బూడిదరంగు కోడి ఒకటి సగం కనబడుతోంది. కాళ్ళ ఈకలకు బురద.

"ఇంకాస్త పెద్దది చేసి చూపించు" అంది లెక్కలత్త.

ఆయన రెండు వేళ్ళతో తన కూతురి మొహం పెద్దది చేశాడు. లెక్కలత్త తన వేలితో పటాన్ని నెమ్మదిగా పక్కకు జరిపింది. జుట్టు చిన్నది, మెడ సన్నం, తోక దించి ఉంది. పెట్ట.

"ఇప్పుడు కాలేజీలో చదువుతోందండీ" అన్నాడాయన.

"చల్లగా ఉండాలి" అంది లెక్కలత్త, ఫోను ఇంకా ఇవ్వకుండా.